పొంగేది ఒకచోట, అడ్డం ఇంకోచోట: డ్రైనేజీపై ఫోన్-ఇన్

(హైదరాబాద్. స్టూడియోలో యాంకర్‌తో పాటు మురుగునీటి లైన్ల మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఇంజనీర్.)

యాంకర్: నమస్కారం. రెండు వానలు పడ్డాయో లేదో, ఫోన్లన్నీ డ్రైనేజీ మీదే. మొదటి కాల్ కూకట్‌పల్లి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మాది గ్రౌండ్ ఫ్లోర్. వారం నుంచి బాత్రూంలో నీళ్లు వెనక్కి తంతున్నాయి. పైవాళ్లు వాషింగ్ మెషిన్ వేస్తే చాలు, మా జాలీలోంచి నురగ. రోడ్డు లైను జామైందంటారు మావారు. రెండుసార్లు కంప్లైంట్ ఇచ్చాం. వచ్చారు, చూశారు, పోయారు.

ఇంజనీర్: మీ కాంపౌండ్‌లో చాంబర్లు ఎన్నమ్మా?

కాలర్: మూడండీ. చివరిది గేటు పక్కన.

ఇంజనీర్: వాచ్‌మన్‌తో ఆ మూడు మూతలూ తీయించండి. తీశాక కాసేపు దూరంగా నిలబడి, తర్వాత టార్చ్ వేసి చూడమనండి. తల లోపలికి పెట్టొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. గేటు దగ్గరది నిండి ఉంటే గొడవ రోడ్డు లైనులో. అది ఖాళీగా ఉండి దాని వెనకది నిండితే అడ్డం మీ ఇంట్లోనే. రోడ్డు మీదైనా ఇదే లెక్క. అందరూ పొంగే మ్యాన్‌హోల్‌నే పొడుస్తారు. అక్కడేం ఉండదు. పల్లం వైపు నడుస్తూ పోతే ఎక్కడ ఖాళీ మ్యాన్‌హోల్ తగులుతుందో, దానికీ నిండినదానికీ మధ్య ఉంటుంది అడ్డం. చూసి మళ్లీ ఫోన్ చేయండమ్మా.

యాంకర్: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, నాది టిఫిన్ సెంటర్. సిల్ట్ చాంబర్, అదే జిడ్డూ ఇసుకా ఆపే తొట్టి, లేదని నోటీసు వచ్చింది. అద్దె షాపు సార్, తప్పదా?

ఇంజనీర్: తప్పదు. ఓనర్‌తో ఖర్చు సగం సగం మాట్లాడుకోండి. మీరు గిన్నెలు వేడినీళ్లతో కడుగుతారు కదా?

కాలర్: అవును సార్.

ఇంజనీర్: నూనె కరిగి హాయిగా పోతుంది. మీకేం కనపడదు. భూమిలో పైపు చల్లగా ఉంటుంది, నాలుగడుగులు పోగానే పేరుకున్న నెయ్యిలా గోడకు పడుతుంది. దాని మీద మెతుకులు, టీపొడి, ఇసుక. ఎనిమిది అంగుళాల పైపులో చివరికి చెయ్యి పట్టే సందు మిగులుతుంది. సిల్ట్ చాంబర్‌లో నీళ్లు కాసేపు నిలుస్తాయి. జిడ్డు పైకి తేలుతుంది, ఇసుక అడుగుకు పోతుంది, మధ్య నీళ్లే బయటికి వెళ్తాయి. అయితే కట్టి మరిచిపోతే లేనట్టే. మూత మీద గ్యాస్ సిలిండర్లు పేర్చిన హోటళ్లు నేను చాలా చూశాను. మీలాంటి చోట వారానికోసారి జిడ్డు తీయించండి, తీసింది మళ్లీ రోడ్డు మ్యాన్‌హోల్‌లో పోయకండి!

యాంకర్: (నవ్వుతూ) అదీ చేస్తారా?

ఇంజనీర్: రాత్రి పదకొండు తర్వాత చేస్తారు.

యాంకర్: మల్కాజిగిరి నుంచి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ.

కాలర్: సార్, రెండు విషయాలు. వానకు మా వీధిలో మోకాలిలోతు నీళ్లు. మ్యాన్‌హోల్ మూత ఎత్తితే పది నిమిషాల్లో పోతున్నాయి. రెండోది, లోపలి పెద్ద చాంబర్ పూడిపోయింది. ఒకతను రెండు వేలిస్తే దిగి తీస్తానంటున్నాడు.

ఇంజనీర్: రెండోది ముందు. దింపకండి. 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అతను ఒప్పుకున్నాడన్నది సాకు కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసనే తెలియదు. వాసన పోయిందనుకుని దిగుతారు. వాళ్లను తీయబోయిన వాళ్లూ అక్కడే పడిపోతారు. మెషిన్ పిలిపించండి. మన నగరంలో నీళ్లు, మురుగు చూసే జలమండలి నంబరు 155313.

కాలర్: సరే సార్. మరి మూత?

ఇంజనీర్: అదీ నేరమే. నీళ్లలో తెరిచిన మూత ఎవరికి కనపడుతుంది? పైగా మురుగు లైను వాన నీళ్ల కోసం వేసింది కాదు. మీ డాబా పైపులు ఎక్కడ కలిపారు?

కాలర్: ...డ్రైనేజీలోకే సార్.

ఇంజనీర్: 200 గజాల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 4 వేల లీటర్ల పైనే. ఇంటికో చిన్న ట్యాంకర్ చొప్పున వీధంతా ఒకేసారి లైనులో పోస్తున్నారన్నమాట. తట్టుకోలేక కింది వీధిలో పొంగుతుంది. ఆ పైపుల్ని ఇంకుడు గుంతకు మళ్లించండి. ఇంకోటి. ఒకే మ్యాన్‌హోల్ నెలకు రెండుసార్లు పొంగితే ‘సమస్య పరిష్కరించాం’ అనే మెసేజ్ చూసి ఊరుకోకండి. గడ ఆడిస్తే నీళ్లకు దారి పడుతుంది, పూడిక అక్కడే ఉంటుంది. పాత ఫిర్యాదు నంబర్లన్నీ ఒకే కాగితం మీద రాసి పూడిక తీయించమని, పైపులోకి కెమెరా పంపమని అడగండి. ఫిబ్రవరి, మార్చిలో అడిగితే పని అవుతుంది. జులైలో అడిగితే క్యూలో నిలబడాలి. మా డిపార్ట్‌మెంట్ వాళ్లమూ ఎండాకాలం నిద్రపోయి వానలకు పరుగెత్తినవాళ్లమే, దాచేదేముంది.

యాంకర్: కూకట్‌పల్లి అమ్మగారు మళ్లీ లైన్లోకి వచ్చారు.

కాలర్: సార్, గేటు దగ్గరది పొడిగా ఉంది. మధ్యది నిండింది.

ఇంజనీర్: అయితే మీదే. ఆ రెంటి మధ్యే ఉంది అడ్డం.

కాలర్: వాచ్‌మన్ వెదురు గడ పెట్టి లాగితే సిమెంటు గడ్డ వచ్చిందండీ, అరచేతంత.

ఇంజనీర్: ఈమధ్య ఎవరింట్లోనైనా టైల్స్ పని జరిగిందా? మేస్త్రీలు బకెట్లు బాత్రూంలోనే కడిగేస్తారు.

కాలర్: రెండో ఫ్లోర్‌లో జరిగింది సార్, పోయిన నెల.

యాంకర్: మరింకేం, ప్లంబర్ ఖర్చు వాళ్లను అడగండి.

కాలర్: మా ఆడపడుచు వాళ్లేనండీ అది. ఉంటాను సార్.