కారు కుదుపులు: షాకబ్జర్ల కంటే ముందు చూడాల్సినవి

శ్రోతలకు నమస్కారం.

కారు గతుకులో పడినప్పుడల్లా నడుము దాకా అదురుతోందంటే, చాలామంది నోట ముందుగా వచ్చే మాట ‘షాకబ్జర్లు పోయాయి’. మెకానిక్ దగ్గరికెళ్లి అదే చెబుతాం, ఆయనా సరేనంటాడు. నాలుగూ మారతాయి, బిల్లు చేతికొస్తుంది, కుదుపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అందుకే ముందు టైర్లలో గాలి చూడమంటాను. ఖర్చు లేని పని కదా!

డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన బాడీకి ఓ స్టిక్కరు అంటించి ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. ముందు టైర్లకెంత, వెనక టైర్లకెంత, బండి నిండా మనుషులుంటే ఎంత అన్నది అక్కడ చూసుకోవాలి. టైరు పక్క గోడ మీద ఇంకో అంకె కనిపిస్తుంది. అది ఆ టైరు తట్టుకోగలిగిన గరిష్ఠ పీడనం, మన బండికి కావలసింది కాదు. దాన్ని నమ్మి గాలి కొట్టిస్తే టైరు బిర్రబిగిసి, రోడ్డు మీది ప్రతి గులకరాయినీ సీటు దాకా తెస్తుంది. 33 పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే లెక్క) ఉండాల్సిన చోట 40 పెట్టించి, మైలేజీ పెరుగుతుందనేవాళ్లూ ఉన్నారు. కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ రోడ్డును పట్టుకునే రబ్బరు తగ్గిపోతుంది, బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది ఆ సంగతి. అన్నట్టు, గాలి చూడాల్సింది బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక. వేడి 10 సెల్సియస్ డిగ్రీలు పెరిగితే పీడనం దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది.

గాలి సరిగ్గానే ఉందా? అయితే టైరు సైజు చూడండి. 185/65 ఆర్ 15 అని ఉందనుకోండి. వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు. చివరి 15 అంగుళాల్లో రిమ్ము సైజు. అందం కోసం దాని బదులు 17 అంగుళాల అలాయ్ చక్రాలు, 205/45 టైర్లు వేయిస్తే ఆ ఎత్తు 92కి పడిపోతుంది. గుంత దెబ్బను ముందుగా మింగేది ఆ పక్క గోడే. దాన్ని కోసేసుకుని షాకబ్జర్లను తిట్టుకోవడం న్యాయం కాదు.

ఇక కుదుపు వేరు, వణుకు వేరు. నున్నటి రోడ్డు మీద కూడా 80, 100 కిలోమీటర్ల వేగం దగ్గర బండి వణుకుతోందంటే ఎక్కువసార్లు అది వీల్ బ్యాలెన్సింగ్ సమస్యే, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా లేదన్నమాట. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలను, సీటు వణికితే వెనక చక్రాలను అనుమానించాలి. బరువు సరిచేయడానికి రిమ్ముకు పెట్టిన సీసం ముక్క ఊడిపోయినా, లోపలి వైపు బురద ఎండి గట్టిపడినా ఇంతే. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్కులు చూపించండి. బండి ఆగి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు వణికితే సస్పెన్షన్ జోలికే పోనక్కర్లేదు. అది ఇంజిన్ సంగతో, దాన్ని బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగుల సంగతో.

ఇప్పుడు షాకబ్జర్ల దగ్గరికొద్దాం. బండి బరువు మోసేది స్ప్రింగు. ఒకసారి అణిగిన స్ప్రింగు ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపును ఆపేదే షాకబ్జరు. బండి మూల మీద గట్టిగా అదిమి వదలండి. పైకి లేచి కుదురుకుంటే మంచిదే. రెండు మూడుసార్లు ఊగిందంటే దాని పనైపోయినట్టే. అయితే ఈ పరీక్షకు దొరికేవి పూర్తిగా పోయినవే. సగం అరిగినవి తప్పించుకుంటాయి. అలాంటప్పుడు టైరు మీద అరచేయి ఆనించి మెల్లగా చుట్టూ తిప్పండి. ఓ చోట ఎత్తు, ఓ చోట పల్లం తగులుతుంటే, టైరు రోడ్డు మీద ఆనకుండా ఎగురుతూ వచ్చిందన్నమాట. షాకబ్జరు ఒంటి మీద నూనె ధారగా కారి దుమ్ము పేరుకుందేమో కూడా చూడండి. పైపైన చెమ్మ ఉంటే కంగారు అక్కర్లేదు.

చప్పుడు కూడా చాలా చెబుతుంది. నెమ్మదిగా వెళ్తుంటే చిన్నచిన్న గతుకుల మీద టకటకమంటే, ముందు స్టెబిలైజర్ లింకు రాడ్లను, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా చూసే కడ్డీకి తగిలించిన చిన్న రాడ్లను అనుమానించాలి. ఖరీదులో చిన్నవి, గోలలో పెద్దవి. బ్రేకు వేసిన క్షణాన ఒక్క ‘ఠక్’ వినిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్, అంటే చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేయికి ఉండే రబ్బరు దిమ్మ, పగిలిందేమో చూడాలి. నిలబడి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు ‘టంగ్’మంటే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జరు కలిసి ఉండే భాగం) పైనున్న బేరింగు పట్టేసి ఉండొచ్చు. ఇవన్నీ చూడ్డానికి ఒక్క జాకీని నమ్మి బండి కిందకు దూరకండి.

మార్చాల్సి వస్తే షాకబ్జర్లను జతగా మార్చండి, ముందు రెండూ, లేదా వెనక రెండూ. ముందు స్ట్రట్లు విప్పితే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, తప్పనిసరి. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల విషయంలో ఇంకో మెలిక ఉంది. బండి పైకెత్తి, చక్రాలు వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తే, కిందికి దించగానే లోపలి రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కొత్త బుష్ కూడా త్వరగా చిరిగిపోతుంది. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే వేయమని, పని మొదలుపెట్టకముందే మెకానిక్‌తో చెప్పండి.

నమస్కారం.