వేట హక్కు: రాజ్యాంగంలో ఒక వాక్యం ఏం చేయగలదు?

సభకు నమస్కారం.

మన కోస్తాలో ఒక మత్స్యకారుడు వేటకు వెళ్ళాడంటే అడవికి వెళ్ళాడని ఎవరూ అనుకోరు, పడవ ఎక్కి సముద్రం మీదికి వెళ్ళాడనే అర్థం చేసుకుంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు ఒడ్డున ఉండే కాలాన్ని పత్రికలు కూడా వేట నిషేధం అనే రాస్తాయి. జింకకూ చేపకూ ఒకే మాట వాడుకునే మనకు, ఆ రెండింటినీ ఒకే వాక్యంలో చేర్చి రాజ్యాంగ హక్కుగా ప్రకటించిన అమెరికా రాష్ట్రాల సంగతి వింతగా తోచకూడదు. అయినా తోస్తుంది. మన రాజ్యాంగంలో 48ఎ అధికరణం వన్యప్రాణులను కాపాడమని రాజ్యానికి చెబుతుంది, 51ఎ అధికరణం జీవుల పట్ల కరుణను పౌరుడి కర్తవ్యంగా చెబుతుంది. వేటాడేవాడికి అందులో చోటు లేదు.

ఆ చోటు మొదట ఇచ్చిన రాజ్యాంగాల్లో ఒకటి వెర్మాంట్‌ది. 1777లో రాసుకున్న ఆ పత్రం ప్రకారం అక్కడి నివాసులు తగిన రుతువుల్లో తమ భూముల్లోనూ, కంచె వేయని ఇతరుల భూముల్లోనూ వేటాడవచ్చు. పడవ నడిచే నీళ్ళలో చేపలు పట్టవచ్చు. అంతకు ముందటి ఏడాది పెన్సిల్వేనియా కూడా దాదాపు ఇవే మాటలు రాసుకుని, 1790 నాటి కొత్త రాజ్యాంగంలో వాటిని వదిలేసింది. ఈ వాక్యం వెనుక ఉన్న కోపం అర్థం కావాలంటే ఇంగ్లండ్ వైపు చూడాలి. 1671 నాటి వేట చట్టం ప్రకారం అక్కడ వేటాడే అర్హత ప్రధానంగా ఏడాదికి 100 పౌండ్ల రాబడినిచ్చే సొంత భూమి గలవారిది. మిగిలిన రైతు తన చేలో పడ్డ కుందేలును కొట్టినా దోషే. 1723లో వచ్చిన బ్లాక్ యాక్ట్ ముఖానికి మసి పూసుకుని జింకల వనాల్లోకి చొరబడినవాడికి ఉరిశిక్ష దాకా విధించింది. అర్హతకు పెట్టిన ఆ ఆస్తి షరతు 1831 వరకు తొలగలేదు. కాబట్టి వెర్మాంట్ రైతు కోరుకున్నది వినోదం కాదు, జమీందారుకు ఉన్నదే తనకూ ఉండాలని కోరుకున్నాడు. కంచె వేయని భూమి అన్న మాటలోనే ఆ రాజ్యాంగపు అసలు రుచి ఉందని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత సుమారు రెండు శతాబ్దాలు ఈ విషయంలో పెద్దగా చెప్పుకోవలసింది లేదు. రోడ్ ఐలండ్ తీరపు చేపల వేటకూ, కాలిఫోర్నియా 1910లో ప్రభుత్వ భూముల మీద చేపలు పట్టుకోవడానికీ హక్కు కల్పించాయి. రెండో అల 1996లో అలబామాతో మొదలై, 2024 నవంబరులో ఫ్లోరిడా దాకా వచ్చింది. ఇప్పుడు వెర్మాంట్‌ను కలుపుకుని 24 రాష్ట్రాల రాజ్యాంగాల్లో వేటా చేపల వేటా హక్కులుగా ఉన్నాయి. ప్రజాభిప్రాయానికి పెట్టిన ప్రతిచోటా గెలిచిందనుకోవద్దు. 2010లో అరిజోనా ఓటర్లు ఇలాంటి ప్రతిపాదనను తిరస్కరించారు.

ఈ రెండో అల వెనుక ఉన్నది జమీందారు భయం కాదు. 2016 జాతీయ సర్వే లెక్కన అమెరికాలో 16 ఏళ్ళు దాటిన వేటగాళ్ళు 1 కోటి 15 లక్షల మంది, చేపలు పట్టేవాళ్ళు 3 కోట్ల 58 లక్షల మంది. దేశ జనాభాలో వేటగాళ్ళ వాటా చిన్నది, అదీ తగ్గుతూ వచ్చింది. రేపు నగరాల ఓటర్లు, జంతు హక్కుల సంఘాలు కలిసి వేటను నిషేధిస్తాయేమోనన్న అనుమానం వారిది. నేటి మెజారిటీ రేపటి మెజారిటీ చేతులు ముందుగానే కట్టేయడం రాజ్యాంగాలకు కొత్త కాదు గాని, ఇంకా రాని ప్రమాదానికి ఇంత హడావుడి ఎందుకన్న ప్రశ్న మాత్రం ఉంది.

నా దృష్టిలో హక్కు అన్న మాట కంటే దాని పక్కన చేరే మాటలే ముఖ్యం. ఫ్లోరిడా సవరణను తీసుకోండి. గెలవడానికి 60 శాతం ఓట్లు కావాలి, సుమారు 67 శాతం వచ్చాయి. వేటనూ చేపల వేటనూ సంప్రదాయ పద్ధతులతో సహా ఎప్పటికీ ప్రజల హక్కుగా కాపాడాలని అది చెబుతుంది. అంతటితో ఆగక, వన్యప్రాణులను అదుపులో ఉంచడానికి వాటినే ప్రాధాన్యం గల మార్గంగా ప్రకటిస్తుంది. వన్యప్రాణి కమిషన్ అధికారాలను ఇది తగ్గించదని కూడా చేర్చారు. సంప్రదాయ పద్ధతి అంటే ఏమిటో ఎక్కడా నిర్వచించలేదు. ఎలుగుబంట్లు ఊళ్ళోకి వస్తున్నప్పుడు చెత్తడబ్బాలకు గట్టి మూతలు బిగించడం ముందా, తుపాకీ ముందా అన్న వివాదం కోర్టుకు చేరితే, ప్రాధాన్యం అన్న ఆ ఒక్క మాట మీద వాదన నడుస్తుంది.

అదే ఫ్లోరిడా 1994లో అదే రాజ్యాంగాన్ని సవరించి తీర జలాల్లో చేపల మొప్పలకు చిక్కుకునే వలలను పూర్తిగా నిషేధించింది, ఇతర వలల పరిమాణానికి 500 చదరపు అడుగుల పరిమితి పెట్టింది. దాంతో వల మీద బతికే చిన్న మత్స్యకారులు దెబ్బతిన్నారు, గాలంతో సరదాకు చేపలు పట్టేవారికి చేపలు మిగిలాయి. ఒకే పుస్తకంలో ఒక పేజీ వలను కాదంటుంది, ముప్పై ఏళ్ళ తర్వాత చేరిన మరో పేజీ సంప్రదాయ పద్ధతులను కాపాడతానంటుంది.

ఈ వాక్యాలు కోర్టులో ఎంత బరువు తూగుతాయో విస్కాన్సిన్‌లో కొంత తెలిసింది. ఆ రాష్ట్రం తన శాంతి చిహ్నంగా ఎంచుకున్న గువ్వనే వేటాడేందుకు ప్రభుత్వ శాఖ సీజన్ ప్రకటించవచ్చా అన్నది వివాదం. 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు శాఖ వైపే తీర్పు చెప్పింది. 2003లో చేరిన వేట హక్కును చర్చిస్తూ, ప్రభుత్వ నియంత్రణ సహేతుకంగా ఉండాలన్నదే దాని సారమని తేల్చింది. లైసెన్సులూ, సీజన్లూ, పరిమితులూ యథాతథంగా నిలిచాయి.

ఇంతకంటే గట్టి హక్కు ఒకటి అమెరికాలో ఉంది. దానిని ఓటర్లెవరూ ఇవ్వలేదు. 1854, 1855లలో వాషింగ్టన్ ప్రాంతపు ఆదివాసులు విశాలమైన భూములు వదులుకుంటూ చేసుకున్న ఒప్పందాల్లో, తమ అలవాటైన రేవుల్లో ఇతర పౌరులతో పాటు చేపలు పట్టే హక్కును అట్టిపెట్టుకున్నారు. అమెరికా రాజ్యాంగం ప్రకారం ఒప్పందాలు సర్వోన్నత చట్టంలో భాగం, రాష్ట్రాల చట్టాలు వాటి ముందు నిలవవు. అయినా వందేళ్ళకు పైగా ఆ హక్కు కాగితం మీదే ఉంది. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను 1945లో 14 ఏళ్ళ వయసులో సాల్మన్ చేపలు పట్టినందుకు తొలిసారి అరెస్టు చేశారు. ఆ తర్వాత అలాంటి అరెస్టులు 50 దాటాయి. చివరకు 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్, ఇతర పౌరులతో పాటు అన్న మాటకు పట్టదగిన చేపల్లో సగం వరకు ఆదివాసులవని అర్థం చెప్పారు. 1979లో అమెరికా సుప్రీంకోర్టు దానిని ప్రధానంగా సమర్థించింది. 24 రాష్ట్రాల వాక్యాలన్నీ కలిపినా ఇలా ఒక వాటాను లెక్కగట్టి ఎవరి చేతిలోనూ పెట్టలేదు. రాజ్యాంగ రక్షణ అవసరం ఎవరికన్న ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు ఆ నిస్క్వాలీ నది ఒడ్డునే ఉంది.

మన దగ్గరకు వస్తే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట వేటను కట్టడి చేసి, 1991 సవరణతో దాదాపు పూర్తిగా నిషేధించింది. రాజుల వేటలూ, తెల్లదొరల వేటలూ, ఆ తర్వాతి తుపాకీ సరదాలూ అడవులను ఏం చేశాయో తెలిసినవాళ్ళు ఆ నిషేధాన్ని తప్పుపట్టలేరు. నేనూ పట్టను. కానీ 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌ను నిదానంగా చదవాలి. అందులో ఒక ఉపనిబంధన నీటి వనరుల్లోని చేపలను సామూహిక హక్కుగా గుర్తిస్తుంది. ఇతర సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తించే మరో ఉపనిబంధన, వేటాడే హక్కును, ఉచ్చుపన్నే హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయిస్తుంది. సామూహిక హక్కు పత్రం పొందిన గూడెంలో ఒక మనిషి వాగులో చేపలు పడితే అది హక్కు, గట్టెక్కి అడవిపందికి ఉచ్చు పెడితే నేరం. నల్లమల చెంచులకు విల్లంబులు వంశపారంపర్యంగా వచ్చినవి కాబట్టి ఈ విభజన వారి లెక్కలో లేదు, శాసనకర్తల లెక్కలో ఉంది. పులుల అడవిలో ఆ గీత అవసరమే కావచ్చు. అయితే దానిని గీసేముందు ఆ గూడేల మాట ఎంత విన్నారన్నది అడగదగ్గ ప్రశ్న.

గీత మరోలా గీయడం మన చట్టానికి తెలియనిదేమీ కాదు. అదే 1972 చట్టంలో 65వ సెక్షన్, నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు అంతకు ముందే దక్కిన వేట హక్కులకు ఈ చట్టం వల్ల భంగం కలగదని చెబుతుంది.