పసిచెవికి లయ ఎలా తెలుస్తుంది

అందరికీ నమస్కారం. సంగీతం నేర్పేవాళ్లు కొందరు వచ్చారు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మానాన్నలూ ఉన్నారు, అందుకే అసలు మాట ముందే సూటిగా చెప్పేస్తాను. నాలుగేళ్ల పిల్లాడి ఎదురుగానే "వీడికి లయజ్ఞానం లేదండీ" అనేస్తుంటాం చూడండి, అది వింటే నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే లయని పట్టుకునే చెవి పిల్లలకి పుట్టేసరికే ఉంటుందని చూపించే ప్రయోగాలు ఉన్నాయి.

ఒకటి 2009లో బుడాపెస్ట్‌లో చేశారు. పుట్టి రెండు మూడు రోజులైన పిల్లలకి, నిద్రలో ఉండగానే, మెదడు తరంగాల్ని కొలిచే ఈఈజీ తీస్తూ డ్రమ్స్ దరువు వినిపించారు. మధ్యమధ్యలో ఒక దెబ్బ తీసేశారు. అంత ముఖ్యం కాని దెబ్బ పోయినప్పుడు మెదడు పెద్దగా పట్టించుకోలేదు. వరసలో మొదట పడాల్సిన బలమైన దెబ్బ పోయినప్పుడు మాత్రం తరంగాల్లో స్పష్టంగా తేడా వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి, అక్కడ శబ్దమే లేదు! లేని దెబ్బకి మెదడు స్పందించిందంటే, అది పడుతుందని ఎదురుచూస్తున్నట్టే కదా.

మరి పాటకి చప్పట్లు కొట్టమంటే పిల్లలకి ఎందుకు తప్పుతాయి? వినడం వేరు, చేతులు కాళ్లు దానికి తగ్గట్టు ఆడించడం వేరు. 2010లో వచ్చిన ఇంకో అధ్యయనంలో అయిదు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలు మాటలకన్నా సంగీతానికే ఎక్కువ కదిలారు, కానీ ఆ కదలిక దరువుతో కచ్చితంగా కలవలేదు. చెవి ముందు, చెయ్యి తర్వాత.

ఇక మాటల సంగతి. కడుపులో ఉండగా చివరి మూడు నెలల్లో బిడ్డకి అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంటుంది, కాకపోతే సన్నటి ధ్వనులు అణిగిపోయి, మాట ఎత్తుపల్లాలూ దాని నడకా మాత్రం బాగా చేరతాయి. 1998లో ఫ్రాన్స్‌లో ఈ విషయాన్నే పరీక్షించారు. అప్పుడే పుట్టిన పిల్లలకి మాటల్లోని అక్షరాలు తెలియకుండా మసకపరిచి, నడక మాత్రం మిగిల్చి వాక్యాలు వినిపించారు, వాళ్లు పాలపీక చప్పరించే జోరుని కొలిచారు. ఇంగ్లిష్ నుంచి జపనీస్‌కి మార్చగానే చప్పరింపులో మార్పు వచ్చింది, అంటే తేడా పట్టేశారన్నమాట. ఇంగ్లిష్ నుంచి డచ్‌కి మారిస్తే రాలేదు, ఎందుకంటే ఆ రెండు భాషలూ ఇంచుమించు ఒకేలా నడుస్తాయి. రెండూ ఆ పిల్లల అమ్మలు మాట్లాడే భాషలు కావు, అది గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ మన తెలుగుకి సంబంధించిన ముచ్చట ఒకటి ఉంది, నాకు భలే ఇష్టం. లలిత మూర్తి, తకాషి ఒటాకే, ఆన్ కట్లర్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో తెలుగువాళ్లకి జపనీస్ మాటలు వినిపించి, ఫలానా ధ్వనుల ముక్క ఎక్కడుందో పట్టుకోమన్నారు. ఆ ముక్క మాత్ర దగ్గర, అంటే పలకడానికి పట్టే కాలాన్ని కొలిచే చిన్న ప్రమాణం దగ్గర, తెగితే సులువుగా పట్టుకున్నారు, మాత్రకి అడ్డంగా తెగితే తడబడ్డారు. అంతకుముందు జపాన్ వాళ్లు తడబడిన తీరు కూడా అచ్చం అదే! చుట్టరికమే లేని రెండు భాషలు. తెలుగు మాటలతో చేసినప్పుడు తెలుగువాళ్ల ఫలితాలు అంత తేటగా రాలేదు, అదీ చెప్పాలి. అయినా లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు అని ఇన్ని వందల ఏళ్లుగా పద్యాలు అల్లుకున్నవాళ్లకి ఈ ఫలితం కొత్తగా అనిపించదని నా ఉద్దేశం.

అసలు విషయానికి వస్తే, చెవి అన్నిటికీ తెరుచుకునే పుడుతుంది, కానీ అలాగే ఉండిపోదు. ఎరిన్ హానన్, సాండ్రా ట్రేహబ్ అనే పరిశోధకులు 2005లో ఐరోపాలోని మాసిడోనియా జానపద బాణీలతో దీన్ని చూశారు. ఆ పాటలు ఏడు దెబ్బల నడకలో, 2+2+3 లాంటి విరుపులతో సాగుతాయి. మన కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళం గుర్తొచ్చిందా? తకిట తకధిమి, 3+4. మత్తకోకిల పద్యం నడిచేదీ ఆ 3+4 మీదే. ఆ బాణీల్లో నడక చెడగొడితే ఉత్తర అమెరికా పెద్దవాళ్లు గుర్తించలేకపోయారు, బల్గేరియా, మాసిడోనియా నుంచి వచ్చినవాళ్లు గుర్తించారు. మరి ఉత్తర అమెరికాలోని ఆరు నెలల పిల్లలు? వాళ్లూ గుర్తించారు! ఏడాది నిండేసరికి మాత్రం వాళ్ల పెద్దవాళ్లలాగే అయిపోయారు. అలాంటి ఏడాది పిల్లలకి రెండు వారాలు ఇంట్లో ఆ పాటలు వినిపిస్తే మళ్లీ పట్టుకోగలిగారు, అంతే వినిపించినా పెద్దవాళ్లలో అంత మార్పు రాలేదు. అందుకే డల్లాస్‌లోనో సిడ్నీలోనో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్లకి నేను చెప్పేది, నాలుగు దెబ్బల పాటలు అక్కడ ఎలాగూ చెవిన పడతాయి, మిశ్రచాపులో ఉన్నవి, అయిదు దెబ్బల ఖండచాపులో ఉన్నవి మీరు పాడండి. పాట రాకపోతే పద్యం చదవండి.

చివరిగా, వినడంలో ఒంటికి కూడా పాత్ర ఉంది. కెనడాలో, 2005లోనే, ఏడు నెలల పిల్లలకి ఎక్కడా ఊనిక లేని ఒక దరువు రెండు నిమిషాలు వినిపిస్తూ కొందరిని రెండేసి దెబ్బలకి, కొందరిని మూడేసి దెబ్బలకి ఎత్తి ఎగరేశారు. తర్వాత ఊనికలు పెట్టి వినిపిస్తే ఎవరు ఎలా ఎగిరారో ఆ దరువునే ఎక్కువసేపు విన్నారు. కళ్లకి గంతలు కట్టినా అదే ఫలితం. ఎదురుగా ఇంకొకరు ఎగురుతుంటే చూసిన పిల్లలకి మాత్రం ఆ తేడా రాలేదు.

ఫోన్‌లో రైమ్స్ పెట్టి ముందు కూర్చోబెడితే చాలదా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అది ఫోన్ మీద చేసిన ప్రయోగం కాదు, కాబట్టి దాన్ని పట్టుకుని తీర్పు చెప్పను. నేనైతే బిడ్డని ఎత్తుకుని, పాటకి తగ్గట్టు ఊపుతూ వినిపించమంటాను. ఇప్పుడు మీరు అడగండి, ముందు ఆ వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మగారు.