ఒమ్మెగాంగ్ అబీ ఏల్ రుచి చూడటం ఎలా?

నమస్తే అండీ. ఈరోజు టేబుల్ మీద ఉన్న సీసా ఒమ్మెగాంగ్ అబీ ఏల్ అనే బీరు. ఏల్ అంటే బీరులో ఒక రకం. స్టైల్ బెల్జియందే, తయారైంది మాత్రం అమెరికాలో. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్, అదే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న ఊరు. అక్కడ ఒకప్పటి హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) తోటలో 1997లో ఒమ్మెగాంగ్ బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే చోటు, మొదలైంది. 2003లో డువెల్ అనే బీరు తయారుచేసే బెల్జియం కంపెనీ మూర్ట్‌గాట్ దీన్ని తీసుకుంది.

మూత తీసే ముందు ఒక మాట. దీన్ని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగకండి. బీరంటే చిల్డ్‌గా ఉండాలని మనకు అలవాటు. లాగర్‌కి, అంటే మనకు మామూలుగా దొరికే తేలికపాటి బీరుకి, అది బాగానే ఉంటుంది. ఇలాంటి స్ట్రాంగ్ ఏల్ అంత చల్లగా ఉంటే వాసన పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది, చివరికి చేదూ గ్యాసూ తప్ప ఏమీ తెలియదు. నేను అరగంట ముందే బయట పెట్టాను. 10, 12 డిగ్రీలుంటే చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. సీసా పట్టుకుంటే చల్లగా ఉండాలి గానీ చెయ్యి జివ్వుమనకూడదు.

గ్లాసు అడుగున గుండ్రంగా, పైన కాస్త లోపలికి ఉండాలి. తులిప్ గ్లాసు లేకపోతే వైన్ గ్లాసు తీసుకోండి. జిడ్డు మాత్రం ఉండకూడదు, నురుగు నిలవదు.

ఇది సీసాలో మళ్లీ పులిసిన బీరు. అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది, కదపకండి. గ్లాసు వంచి, గోడ వెంబడి నెమ్మదిగా పోయండి. సగం నిండాక నిటారుగా పెట్టి మధ్యలో పోయండి. చూశారా, నురుగు ఎలా లేస్తోందో! చివరి రెండు గుక్కలు సీసాలోనే ఉంచేయండి, వాటితో తర్వాత పనుంది. ఇప్పుడు గ్లాసును వెలుతురుకి పెట్టండి. ముదురు గోధుమ రంగు, అంచుల్లో ఎరుపు.

వాసన గట్టిగా పీల్చకండి. చిన్న చిన్నగా రెండు మూడు సార్లు చాలు. ముందు ఖర్జూరం, కిస్‌మిస్, కాస్త మాడిన పాకం. ఆ వెనకే పోపుల డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. ఎందుకంటే ఇందులో నిజంగానే ధనియాలు, జీలకర్ర, అనాసపువ్వు, అతిమధురం వేరు, నారింజ తొక్క వేస్తారు. ఈ వాసనలు మన ముక్కుకి చిన్నప్పటి నుంచీ తెలుసు, ఊహించుకోవాల్సిన పనే లేదు. అందుకే ఈ సీసాతో మొదలుపెట్టమంటాను. వంటింట్లోంచి నాలుగు ధనియాలు తెచ్చి వేళ్లతో నలపండి, వాసన చూడండి, వెంటనే గ్లాసు దగ్గరికి రండి. ధనియాల్లో ఉండే ఆ నిమ్మకాయ ఛాయ ఇక్కడా దొరుకుతుంది. అనాసపువ్వు సులువుగా తగులుతుంది. జీలకర్ర బాగా వెనక ఉంటుంది, తొందరపడకండి.

లవంగం కూడా తగిలిందా? అది ఎవరూ వేయలేదు. బెల్జియం రకం ఈస్ట్ పులిసేటప్పుడు పుట్టే ఫీనాల్స్ అనే పదార్థాల వల్ల లవంగం వాసన, ఎస్టర్లు అనే పదార్థాల వల్ల అరటిపండు వాసన వస్తాయి. ఏది దినుసుదో, ఏది ఈస్ట్‌దో విడదీసి పట్టుకోవడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని.

ఇప్పుడు చిన్న గుక్క. వెంటనే మింగేయకుండా నోరంతా తిప్పండి. ముందు తీపిగా ఉంటుంది, మింగాక మాత్రం నోట్లో జిగట మిగలదు. చక్కెరలో చాలా భాగం ఈస్ట్ తినేయడం వల్లే అలా. గొంతులో ఆ వెచ్చదనం ఆల్కహాల్‌ది. 8 శాతం పైనే ఉంటుంది, అంటే 5 శాతం బీరుకి ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువే. తాగుతుంటే అంత తెలియదు, అదే ప్రమాదం. పెద్ద సీసా అయితే ఇద్దరు ముగ్గురు పంచుకోండి, ఆ పూట కారు తాళాలు ముట్టుకోకండి.

మధ్య మధ్యలో మంచినీళ్లు, చప్పటి బ్రెడ్ ముక్క తీసుకోండి. మిక్చర్, మిర్చి బజ్జీ వద్దు. ఈ ఆల్కహాల్‌తో కారం ఇంకా మండుతుంది, దినుసుల రుచి దొరకదు. పావుగంట ఆగి మళ్లీ వాసన చూడండి. గ్లాసు వేడెక్కిన కొద్దీ పాకం, ఖర్జూరం ముందుకొస్తాయి.

ఇక సీసాలో ఉంచిన మడ్డి. సీసాను గుండ్రంగా తిప్పి వేరే గ్లాసులో పోయండి. మసకగా ఉంటుంది, పులిసిన పిండి రుచి, కాస్త చేదు. కొంతమంది దీన్ని బీరులోనే కలిపేస్తారు. నాకైతే విడిగానే నచ్చుతుంది, కలిపితే అనాసపువ్వు మరుగునపడిపోతుంది. మీరు రెండు రకాలుగానూ రుచి చూడండి, మీకేది నచ్చిందో కింద రాయండి.