దగ్గు దిండు నుంచి బొంత దాకా

సభకు నమస్కారం. బొంతలు కుట్టడం మళ్లీ ఎలా మొదలుపెట్టారో చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు, ముందుగా ఒక చిన్న దిండు గురించి చెప్పవలసి వస్తుందని వారికి మనవి చేశాను. మావారికి బైపాస్ శస్త్రచికిత్స జరిగింది. ఛాతీ మధ్య ఎముకను కోసి, పని పూర్తయ్యాక తీగలతో బిగించి మూసే ఆ చికిత్స తరువాత ఎముక అతుక్కోవడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. అన్నాళ్లూ బరువులు ఎత్తకూడదు, దగ్గు వచ్చినప్పుడల్లా ఛాతీకి ఒక గట్టి దిండు అదుముకోవాలి. ఇంట్లోని తలగడలు ఆ పనికి మరీ పెద్దవి కావడంతో, 11 ఏళ్లుగా మూత తీయని పెట్టె తెరిచి, మిగిలిపోయిన నూలు ముక్కలతో జానెడున్నర దిండు కుట్టాను. నేను మళ్లీ సూది పట్టింది అందుకు. మనశ్శాంతి కోసం కాదు.

ఆ మాట ఎందుకు అంటున్నానంటే, రోగి పక్కన ఉండేవారికి అందరూ ఇచ్చే సలహా అదే: ఏదైనా వ్యాపకం పెట్టుకోండి, మనసు తేలికపడుతుంది అని. నాకు తేలికపడలేదు. చేతులు కుడుతున్నా చెవులు పక్కగదిలోనే ఉండేవి. అయితే మాత్రలు ఇవ్వడం, పొద్దున్నే బరువు చూసి రాయడం, కాళ్ల వాపు గమనించడం, దుప్పట్లు ఉతకడం, ఇవన్నీ ఇవాళ ఎంత బాగా చేసినా రేపటికి మళ్లీ మొదటికొచ్చే పనులు. వేసిన కుట్టు మాత్రం తెల్లవారినా వేసినచోటే ఉండేది. ఆ నెలల్లో, చేశాక చేసినట్టుగా మిగిలిన పని నాకు అదొక్కటే.

పాత పద్ధతి మాత్రం మార్చుకోవలసి వచ్చింది. కుట్టు మిషను చప్పుడుకు ఆయన నిద్ర చెడుతుంది. పైగా నిద్రలేని కళ్లకు, అతుకు కోసం వదిలే పావు అంగుళం అంచు నిలకడగా రాదు. ఒక్కో అతుకు దగ్గర 1 మిల్లీమీటరు తేడా పడితే, 20 ముక్కల వరుసలో ఉండే 19 అతుకులకు దాదాపు 2 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. అందుకే ఆరు మూలల కాగితం అచ్చు మీద గుడ్డ మడిచి, కచ్చా కుట్టు వేసి, అంచులు కలిపి చేత్తో కుట్టే పద్ధతికి మారాను. కొలతను కాగితమే కాపాడుతుంది. ఎప్పుడు పిలుపు వస్తే అప్పుడు ఆపి లేవవచ్చు. దారం మూరెడుకు మించి తీసుకోలేదు. రోగి ఉన్న ఇంట్లో సూది జారిపోకూడదు కనుక, రాత్రి డబ్బా మూసేముందు సూదులు లెక్కపెట్టే బాధ్యత ఆయనే తీసుకున్నారు, కాస్త అధికారంగానే.

రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, సింగపూరులోని చాంగీ జైలులో జపాను సైన్యం నిర్బంధించిన స్త్రీలు మూడు బొంతలు కుట్టారు. ఒక్కోదానిలో 66 చదరాలు. సైనిక ఆసుపత్రిలోని క్షతగాత్రులకని పంపిన ఆ బొంతల మీద తమ పేర్లు కుట్టి, వేరే శిబిరాల్లో ఉన్న భర్తలకు తాము బతికే ఉన్నామన్న కబురు అందేలా చేశారు. నాకూ మావారికీ మధ్య ఒక్క గోడే అయినా, ఆ సంగతి తలచుకున్న రాత్రులు ఉన్నాయి.

ఆయన పాత చొక్కాలు కోసి బొంతలో వేయమని బంధువులొకరు సలహా ఇచ్చారు. మనిషి ఎదురుగా ఉండగా అది, పోయినవారి బట్టలతో కుట్టే జ్ఞాపకాల బొంత అవుతుందనిపించి, నాకు కోపం కూడా వచ్చి, ఒప్పుకోలేదు. చేతులు పైకెత్తలేని ఆ వారాల్లో ఆయన వేసుకున్నవి ముందు బొత్తాలున్న రెండు వదులు చొక్కాలే. నాలుగో నెలలో ఒక ఉదయం, మెడ మీదుగా తొడుక్కునే బనీను తనంతట తానే వేసుకుని వచ్చి, ఆ చొక్కాలు రెండూ నా ఒడిలో పెట్టి, "ఇక వీటితో పనిలేదు, కోసెయ్" అన్నారు. బొంత నడుమ ఉన్న నీలం ముక్కలు అవే.