రింగ్‌వరల్డ్: పాఠకులు లెక్కలు వేసి చదివిన నవల

సభకు నమస్కారం.

నేను మాట్లాడబోయేది అమెరికన్ రచయిత లారీ నివెన్ రాసిన సైన్స్ ఫిక్షన్ నవల రింగ్‌వరల్డ్ గురించి. 1970లో వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డులైన హ్యూగో, నెబ్యులా రెండూ అందుకుంది. కథ మొత్తం చెప్పను, చదవనివాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది. ఈ నవల మీద పాఠకులు ఏమన్నారు, వాళ్ల మాట విని రచయిత ఏం చేశాడు అన్నదే నా విషయం. సైన్స్ ఫిక్షన్‌లో పాఠకుడికి ఉండే చోటు ఎంత పెద్దదో ఈ ఒక్క పుస్తకం చాలు చెప్పడానికి.

ముందు ఆ లోకం ఎలా ఉంటుందో చూద్దాం. ఒక నక్షత్రం, దాని చుట్టూ పట్టీ లాంటి వలయం. నక్షత్రం నుంచి దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, అంటే సూర్యుడి నుంచి మన భూమి ఉన్నంత దూరం. వెడల్పు 16 లక్షల కిలోమీటర్లు. లోపలి వైపున నేల, సముద్రాలు, ఊళ్లు. గాలి పక్కలకి జారిపోకుండా రెండు అంచులకీ 1600 కిలోమీటర్ల ఎత్తు గోడలు. మొత్తం నేల కొలిస్తే మన భూమికి 30 లక్షల రెట్లు. అక్కడ నిలబడి చూస్తే నేల ఎక్కడా వంగి కిందకి దిగదు, దూరాన మసకలో కలిసిపోతుంది. ఆ మసక పైనుంచి వలయం అవతలి భాగం ఆకాశంలోకి లేస్తుంది. అక్కడి జనం దాన్ని కమాను అంటారు. తాము నిలబడ్డ నేలే అలా పైకి వెళ్లిందని వాళ్లకి తెలియదు.

మరి ఆ నేల మీద మనిషి ఎలా నిలబడతాడు? వలయం తిరుగుతుంది కాబట్టి. సెకనుకి సుమారు 1200 కిలోమీటర్ల వేగం. ఇంటర్‌లో చదువుకున్న సూత్రమే: వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించాలి. 12 లక్షల మీటర్ల వర్గం 1,44,000 కోట్లు. వ్యాసార్థం మీటర్లలో 15,000 కోట్లు. భాగిస్తే 9.6. భూమి మీద గురుత్వ త్వరణం 9.8. చూశారా, ఎంత దగ్గరగా వచ్చిందో! ఇది మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఏ వర్ణన చదివినా కలగలేదు. రచయిత లెక్క చేసి పెట్టాడు, పాఠకుడు మళ్లీ చేసి సరిచూసుకోవచ్చు. ఈ రకం నవల చదవడంలో ఉన్న అసలు రుచి అదే.

సరిచూసే పాఠకుడు తప్పులూ పట్టుకుంటాడు. మొదటి అధ్యాయంలోనే ఒకటి దొరికింది. కథానాయకుడు లూయీ వూకి ఆ రోజు 200వ పుట్టినరోజు. రోజు తొందరగా అయిపోకూడదని, క్షణంలో ఊరు మార్చే యంత్రాల్లో అర్ధరాత్రికి దొరక్కుండా ఊరి నుంచి ఊరికి దూకుతుంటాడు. దానికి పడమరకి వెళ్లాలి. మొదటి ముద్రణలో తూర్పుకి వెళ్లాడు! తర్వాతి ముద్రణల్లో దిద్దారు. ఆ తప్పున్న ప్రతి కోసం పుస్తకాలు సేకరించేవాళ్లు ఇప్పటికీ వెతుకుతారు.

అది దిద్దుకోగలిగిన తప్పు. రెండోది అలాంటిది కాదు. 1971లో బోస్టన్‌లో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభలు జరిగాయి. ఎం.ఐ.టి. విద్యార్థులు హోటల్ నడవాల్లో తిరుగుతూ ‘రింగ్‌వరల్డ్ నిలకడగా ఉండదు’ అని నినాదాలు చేశారు. వాళ్ల మాట నిజం. గ్రహమైతే నక్షత్రం చుట్టూ తన కక్ష్యలో తాను తిరుగుతుంది. గట్టి వలయానికి అలాంటి కక్ష్య లేదు. నక్షత్రం సరిగ్గా మధ్యలో ఉన్నంతసేపే అన్ని వైపుల లాగుడూ సరిపోతుంది. వలయం కాస్త పక్కకి జరిగిందా, దగ్గరైన వైపు లాగుడు పెరిగి ఇంకా జరుగుతుంది. బోర్లించిన గిన్నె మీద గోలీ పెట్టినట్టే. శని వలయాలు ఒకే గట్టి పళ్లెం అయి ఉండలేవని 1859లోనే భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ గణితంతో చూపించాడు. ఆ పాత లెక్కే ఈ కొత్త లోకానికీ వర్తించింది.

ఫ్లోరిడాలో ఒక హైస్కూల్ క్లాసు పిల్లలు ఇంకో సంగతి తేల్చారు: అక్కడ కొత్త కొండలు పుట్టవు కాబట్టి కొన్ని వేల ఏళ్లలో పైమట్టంతా కొట్టుకుపోయి సముద్రాల్లో చేరుతుందని. స్కూలు పిల్లలు ఒక ఊహాలోకంలో మట్టి ఏమవుతుందా అని బెంగపడి లెక్కలు వేశారు! ఇంతకన్నా ఏ రచయితకైనా ఏం కావాలి?

నివెన్ వీటిని కొట్టిపారేయలేదు. రెండో భాగం రాసే ఆలోచన ఆయనకి లేదు, పాఠకులే రాయించారు. దాదాపు పదేళ్ల తర్వాత వచ్చిన ది రింగ్‌వరల్డ్ ఇంజనీర్స్‌లో వలయాన్ని సరిచేసి నిలిపే ఇంజన్లు అంచు గోడల మీద ఉంటాయి. వాటిని చాలావరకు ఎవరో ఊడబీకి పట్టుకుపోయారు. వలయం నక్షత్రం వైపు జరగడం మొదలైంది. విద్యార్థుల నినాదమే కొత్త నవలకి కథ అయింది. మట్టిని సముద్రం అడుగు నుంచి తోడి గోడల మీదకి చేర్చే గొట్టాలు కూడా వచ్చాయి.

మెచ్చుకోని పాఠకులూ ఉన్నారు, వాళ్ల మాటా చెప్పాలి. ఎక్కువమంది అభ్యంతరం టీలా బ్రౌన్ అనే పాత్ర మీద. ఇరవై ఏళ్ల అమ్మాయి, రెండు వందల ఏళ్ల లూయీ వూ పక్కన ఉండటానికే రాసినట్టు ఉందన్నారు. నేనూ ఒప్పుకుంటాను. ఆమెకి సొంత మనసు ఉందని తెలిసేసరికి కథ చివరికి వచ్చేస్తాం. పైగా ఆమె పుట్టుకతోనే అదృష్టవంతురాలు, పిల్లల్ని కనే హక్కు లాటరీలో దొరికే ఆ కాలంలో, తరతరాలుగా ఆ లాటరీ తగిలి పుట్టినవాళ్ల వంశం. ఇన్ని లెక్కలున్న నవలలో అదృష్టం రక్తంలో వస్తుందంటే ఎలా అని కొందరికి కోపం. నాకు మాత్రం అది నచ్చింది. ఆమెకి దెబ్బ తగలదు కాబట్టి ఎదుటివాడి నొప్పి అర్థం కాదు. నవలలో మనిషి గురించి లోతుగా ఆలోచించిన చోటు అదొక్కటే అనిపిస్తుంది.

ఒక ప్రశ్న మీ ముందు పెట్టి కూర్చుంటాను. ఆ లోకంలో సూర్యుడు ఎప్పుడూ నడినెత్తినే ఉంటాడు. నక్షత్రానికి దగ్గరగా తిరిగే నల్లటి పలకలు అడ్డొస్తే రాత్రి, తొలగితే పగలు. పొద్దుపొడుపు లేదు, ఏటవాలు ఎండ లేదు, రుతువులు లేవు. మరి గాలులు ఎటు నుంచి వీస్తాయి? వానలు ఎక్కడ పడతాయి? మీలో వాతావరణ శాస్త్రం తెలిసినవాళ్లు ఉంటే, చర్చ అక్కణ్ణుంచే మొదలుపెడదాం.