ఘాజీని ముంచింది ఎవరు? బీచ్ రోడ్డు స్మారకం వెనక గొడవ

(ఆర్కే బీచ్, సాయంత్రం. వెనక విక్టరీ ఎట్ సీ స్మారకం.)

మురీ మిక్చర్ పొట్లం చేత్తో పట్టుకుని ఇక్కడ ఫొటో దిగని వైజాగ్ వాళ్లు తక్కువ. 1971 పాకిస్తాన్ యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టారు దీన్ని. అందులో మన ఊరి వాటా ఏంటని అడిగితే, "పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచేశాం కదా" అంటారు. గొడవంతా ఆ "ముంచేశాం" దగ్గరే.

అన్నట్టు, పక్కనున్న కురుసుర సబ్‌మెరైన్‌కీ ఈ కథకీ సంబంధం లేదు. ఘాజీ సినిమా చూసి కలిపేసుకోకండి.

(మ్యాప్: కరాచీ, వైజాగ్, అండమాన్)

ఘాజీ 1971 నవంబర్ 14న కరాచీలో బయల్దేరింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్ మీద. బాయిలర్ పాడై విక్రాంత్ అసలే నెమ్మదిగా నడుస్తోంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని అండమాన్ వైపు దాచేసి, డిస్ట్రాయర్ రకం పాత యుద్ధనౌక రాజ్‌పుత్‌కి విక్రాంత్ వేషం కట్టారు. అది వైజాగ్ దరిదాపుల్లో తిరుగుతూ వైర్‌లెస్ మెసేజ్‌లు గుప్పించింది. ఒంట్లో బాగోలేని అమ్మ ఎలా ఉందని విక్రాంత్ నావికుడు ఆరా తీస్తున్నట్టు ఓ టెలిగ్రామ్ కూడా పంపారు! శత్రువు చెవిన పడాలనే.

డిసెంబర్ 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ హార్బర్ దాటుతూ, నీళ్లలో అలజడి కనిపించి డెప్త్ చార్జ్‌లు (నీటి లోపల పేలే బాంబులు) వదిలింది. కాసేపటికి పెద్ద పేలుడు. ఊళ్లో కిటికీ అద్దాలు అదిరాయి. ఘాజీలోని 90 మందికి పైగా అందరూ పోయారు. మన నేవీ దీన్ని రాజ్‌పుత్ ఖాతాలో వేసింది. కాదు, ఘాజీ తనే పెట్టిన మైన్ల (నీళ్లలో దాచే బాంబుల) వల్లో లోపలి పేలుడు వల్లో మునిగిందని పాకిస్తాన్ అంటుంది.

అటువాళ్లే అంటే కొట్టిపారేయొచ్చు. కానీ అప్పట్లో మన సైన్యం ఈస్టర్న్ కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జేకబ్ ఏం రాశారో చూడండి: ఘాజీ శకలాలు జాలర్లకు దొరికాయని కృష్ణన్ తనకు ఫోన్ చేసింది డిసెంబర్ 3 ఉదయమట. రాజ్‌పుత్ బయల్దేరింది ఆ రాత్రి! కృష్ణన్ మాత్రం తన జ్ఞాపకాల్లో రాజ్‌పుత్ వైపే నిలబడ్డారు. ఇద్దరూ మనవాళ్లే.

నన్నడిగితే మార్కులు ఆ టెలిగ్రామ్‌కి వేస్తా. డెప్త్ చార్జ్ తగిలినా తగలకపోయినా, లేని విక్రాంత్ కోసం ఘాజీ ఇక్కడిదాకా వచ్చింది ఆ ఎర చూసే.

(కెమెరా సముద్రం వైపు)

2024లో సముద్రం లోతుకి దిగే మన నేవీ రెస్క్యూ వాహనం ఘాజీ శకలాలను గుర్తించింది. పైకి తీయలేదు, ముట్టుకోలేదు. నీటిలో పోయినవాళ్లను కదపకపోవడం నావికుల ఆనవాయితీ.